కరువు సంవత్సరమున క్రాఫిష్ వెల



కరువనగానే మన కన్నులయెదుట కనబడునది వాడిన పైరు. వాన రాకున్న ఆకు వడలును, చేను ఎండును, రైతు గట్టుమీద నిలిచి తన నష్టమును తానే కొలుచుకొనును. కాని కంటికి కనబడని కరువునష్టము మరియొకటి కలదు. అందు పైన ఎండిన పైరేదియు నుండదు. గట్టులోపల, మంటి గర్భమున దాగియున్న విత్తనము మాత్రము చచ్చియుండును. ఆ సంగతి రైతునకు నాలుగైదు నెలలు గడచినపిమ్మట గాని తెలియదు. అమెరికాదేశమునందలి లూసియానా రాష్ట్రములో 2023వ సంవత్సరపు వేసవియందు జరిగినది ఇదియే. ఆ వేసవి నష్టము 2024వ సంవత్సరారంభమున అంగడివెలయై బయటపడినది. కరువెట్లు వెలగా మారునో, హెచ్చిన వెల రైతునకేల మేలు చేయలేకపోయెనో ఈ ప్రసంగమున వివరింతును.

ముందుగా ఆ ప్రాణినిగూర్చి నాలుగు మాటలు. క్రాఫిష్ అనునది మంచినీటిలో బ్రదుకు చిన్న జలచరము. చూచుటకు రొయ్యకును పీతకును నడిమి రూపము. వెనుక రొయ్యవలె కండగల తోక, ముందు పీతవలె పట్టుకారు కాళ్లు రెండు, మీద గట్టి పెంకు. మొప్పలతో ఊపిరి పీల్చును గనుక మొప్పలు తడిగా నుండునంతవరకు నీటివెలుపలను కొంతకాలము బ్రదుకగలదు. లూసియానాలో పెంచునది ముఖ్యముగా ఎఱ్ఱజాతి. మెక్సికో అఖాతపు ఒడ్డున, మిసిసిపీ మహానది సముద్రములో కలియుచోట నున్న ఆ రాష్ట్రము పల్లపుభూమి. అచట ఏటేట సుమారు 60 అంగుళముల వాన కురియును. కావున నీటికి కొఱతపడు దేశమని దాని నెవరును తలంపరు.

అమెరికాలో పెంచు క్రాఫిష్‌లో అత్యధికభాగము ఈ యొక్క రాష్ట్రమునుండియే వచ్చును. పూర్వము బీదలు వాగులలోను బురదపఱ్ఱలలోను పట్టుకొని తిను ఆహారమది. 1755 మొదలుకొని ఆంగ్లేయులచే కెనడాతీరమునుండి వెడలగొట్టబడి, పిదప లూసియానా చేరి స్థిరపడిన ఫ్రెంచివారి సంతతి, దానిని తమ యింటివంటకముగా చేసికొనిరి. క్రమముగా అది గౌరవమునకు వచ్చెను. బ్రో బ్రిడ్జి అను ఊరిని 1959లో ఆ రాష్ట్ర శాసనసభ ప్రపంచ క్రాఫిష్ రాజధానిగా ప్రకటించినది. నేడచట వసంతకాలమున బంధుమిత్రులు కూడి, పెద్ద కాగులలో కారము, ఉప్పు, మొక్కజొన్నకండెలు, ఉర్లగడ్డలు వేసి క్రాఫిష్ ఉడికించి, బల్లలపై కుమ్మరించుకొని భుజించుట గొప్ప వేడుక. క్రైస్తవులు మాంసము మానెడి ఉపవాసదినములలో, ముఖ్యముగా గుడ్ ఫ్రైడేనాడు, దీనికి మిక్కిలి గిరాకి.

ఈ పంట సేద్యమునకును వరికిని విడదీయరాని సంబంధము కలదు. మన పెద్దలు వరిమడి గట్లలో పీతలు బొరియలు త్రవ్వుట చూచినవారే గనుక ఈ పద్ధతి సులభముగా గ్రహింపగలరు. లూసియానా రైతు మార్చి, ఏప్రిల్ నెలలలో వరి విత్తును. పైరు నిలద్రొక్కుకొని మడిలో నీరు నిలిచినపిమ్మట, ఎకరమునకు 50 మొదలు 80 పౌనులవరకు పెద్ద క్రాఫిష్‌లను అందు విడుచును. కోతకు ముందు నీరు తీసివేయగనే అవి గట్లలోనికి రెండు మూడడుగుల లోతుగా బొరియలు త్రవ్వి, పైన మన్నుముద్దతో వాకిలి మూసికొని లోపల చేరును. అడుగున కొంచెము నీరు, చుట్టును తడిమన్ను, ఇంతియే వాటి వేసవి కాపురము. పైన జూలై, ఆగస్టులలో వరి కోయుదురు. క్రింద గట్టులోపల తల్లి తన తోకక్రింద వందలకొలది గ్రుడ్లు మోయుచుండును. పిల్లలు పుట్టినను కొన్నాళ్లు తల్లి తోకను పట్టుకొనియే యుండును.

శరదృతువున రైతు మరల మడికి నీరు పెట్టును. మన్ను మెత్తబడగా తల్లులు పిల్లలతోకూడ బయటికి వచ్చును. వరిమోళ్లనుండి లేచిన పిలకలు, చివికిన గడ్డి, వాటినాశ్రయించిన సూక్ష్మజీవులు వాటికి మేతయగును. ఆ పిల్లలు పలుమారులు కుబుసము విడుచుచు పెరిగి, చలికాలము నడుమనుండి వసంతాంతమువరకు పట్టుబడికి వచ్చును. ఒకసారి విత్తనము నెలకొన్న చెరువునకు మరల విత్తనము కొననక్కరలేదు. గట్టులోని తల్లులే మరుసటియేటి విత్తనము. ఈ మాటను శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెను. ఆ రైతు బ్యాంకి అతని గట్టే. అసలు అందే యున్నది, వడ్డియు అందుండియే రావలెను.

ఇక 2023వ సంవత్సరపు వేసవి సంగతి. లెక్కలు వ్రాయనారంభించిన నాటనుండి లూసియానాలో అంతటి వేడి వేసవి లేదు. వానలు తప్పినవి. శరత్కాలము వచ్చుసరికి రాష్ట్రములో పెద్దభాగము, కరువును కొలుచు అధికారపటములలో అత్యంత తీవ్రమగు తరగతిని చేరినది. తేమకు పేరుపడిన ఆ దేశమున అడవులు అంటుకొనినవి. ఆగస్టులో ఒక్క బొరిగార్డు జిల్లాలోనే 30,000 ఎకరములకు మించి దగ్ధమైనది. మిసిసిపీ నదిలో ప్రవాహము తగ్గుటచే సముద్రపు ఉప్పునీరు నదిలో ఎగువకు ప్రాకినది.

అట్టి వేడిలో గట్లు ఎండి బీటలు వారినవి. బొరియలోని తడి ఆరినచో తల్లికి ఊపిరి లేదు, గ్రుడ్డునకు బ్రదుకు లేదు. తడి కొంత మిగిలి తల్లి బ్రదికియున్నను, మీది మన్ను ఇటుకవలె గట్టిపడుటచే వాకిలి త్రవ్వుకొని వెలికిరాలేదు. వానలు కురిసి గట్టు నానిననే దానికి దారి. ఆ వానలే రాకపోయెను. పిల్లలతో నిండవలసిన మడులలో, నీరు పెట్టినపిమ్మటను ప్రాణిసంచారము పలుచనైయుండెను.

నీరు పెట్టుటయు సులభకార్యము కాదు. ఉప్పు సోకిన వాగునీటిని మడికి పెట్టరాదు. బోరుబావి గల రైతు డీజిలు పంపు త్రిప్పవలెను. ఎండిన భూమి మొదటి నీటిని మ్రింగివేయును. ఎండలు తగ్గకముందే నీరు పెట్టినచో గడ్డి కుళ్లి నీటిలోని ప్రాణవాయువు హరించిపోవును, పుట్టిన పిల్లలు చచ్చును. చల్లబడువరకు ఆగినచో పంట ఆలస్యమగును. ఇట్లు ముందునకు పోయిన నొక నష్టము, ఆగిన నొక నష్టము. ఈ కష్టము చాలదన్నట్లు 2024 జనవరి నడుమ గట్టి చలిగాలి వీచి మంచు పేరినది. చన్నీటిలో క్రాఫిష్ కదలదు, తినదు, పెరుగదు. మిగిలియున్న కొద్దిపాటి పంటయు మరింత వెనుకబడినది.

ఫలితము అంగడిలో కనబడినది. 2024 ప్రారంభపు వారములలో ఉడికించిన క్రాఫిష్ పౌను 10 డాలర్లు దాటి అమ్మబడినది. మంచి సంవత్సరపు వసంతమున అందులో సగమునకే లభించెడి సరకది. కొన్ని భోజనశాలలు దానిని తమ పట్టికనుండి తీసివేసినవి. 2024 మార్చి 6వ తేదీన లూసియానా గవర్నరు జెఫ్ లాండ్రీ విపత్ప్రకటన చేసి, రాష్ట్రమునందలి 3,65,000 ఎకరముల క్రాఫిష్ సాగంతయు కరువు, ఉప్పునీరు, మంచు అను మూటిచే దెబ్బతిన్నదని తెలిపెను. నష్టము సుమారు 14 కోట్ల డాలర్లు కాగలదని అంచనా వేసిరి.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. వెల రెట్టింపైనచో రైతునకు లాభమే గదా, సరకు సగము తగ్గినను రాబడి సరిపోవును గదా యని కొంద రందురు. ఈ మాట వినుటకు బాగుండును గాని లెక్కకు నిలువదు. ఏలనగా క్రాఫిష్ పట్టుటకగు ఖర్చు, పట్టుబడిన సరకును బట్టి యుండదు, పెట్టిన బుట్టలను బట్టి యుండును.

పట్టు విధమును కొంచెము చూతము. మన కాలువలలో చేపలకు పెట్టు మావువంటి తీగెబుట్టలను ఎకరమునకు పది మొదలు ఇరువదివరకు మడిలో వరుసగా నిలుపుదురు. ఒక్కొక్క బుట్టలో సుమారు మూడవవంతు పౌను ఎర వేయుదురు. చలికాలమున కోసిన చేపముక్కలును, నీరు వేడెక్కినపిమ్మట గానుగపిండివలె అచ్చుపోసిన ఎరయును వాడుదురు. బుట్టల వరుసల నడుమ చక్రముతో నడచు చదునైన పడవపై కూలి కూర్చుండి, ఆగకయే ఒక్కొక్క బుట్ట ఎత్తి, పట్టుబడినదానిని బల్లపై పోసి, క్రొత్త ఎర వేసి, మరల నిలుపుచు పోవును. ఇట్లు వారమునకు మూడు మొదలు అయిదు దినములు. బుట్టలో ఇరువది క్రాఫిష్‌లున్నను రెండేయున్నను ఎర అంతే, పడవనూనె అంతే, కూలి అంతే.

లెక్క తేటపడుటకు కొన్ని అంకెలు కల్పించి చెప్పెదను. ఇవి ఉదాహరణకొరకు మాత్రమే. ఒక రైతునకు 100 ఎకరములు, 1,200 బుట్టలు ఉన్నవనుకొందము. ఒక దినమునకు ఎర 400 పౌనులు పట్టును. ఎరకు 200 డాలర్లు, కూలికిని నూనెకును 250 డాలర్లు, వెరసి 450 డాలర్లు అనుకొందము. మంచి సంవత్సరమున బుట్టకు ఒక పౌను వచ్చినచో 1,200 పౌనులు. పౌను 2 డాలర్లకు అమ్మినను 2,400 డాలర్లు వచ్చును. ఖర్చు పోగా 1,950 మిగులును. కరువు సంవత్సరమున బుట్టకు అరపావు పౌను మాత్రము వచ్చినదనుకొందము, అనగా 150 పౌనులు. వెల 5 డాలర్లకు పెరిగినను వచ్చునది 750 డాలర్లే. ఖర్చు పోగా 300 మిగులును. వెల రెండున్నర రెట్లయినది, మిగులు ఆరవవంతునకంటె తక్కువకు దిగినది. ఆ 300లోనుండియే పంపు డీజిలు, భూమి కౌలు, అప్పు వడ్డీ చెల్లవలెను. కావుననే 2024 ప్రారంభమున పెక్కురు రైతులు పడవ కదపక గట్టునే యుండిపోయిరి. బుట్టలు నీటిలో పెట్టుటయే నష్టమైనప్పుడు, వెల ఎంత యున్నను ఏమి ప్రయోజనము?

మరియు ఖర్చులును స్థిరముగా నుండలేదు. 2022లో రష్యా యుక్రెయినుపై దండెత్తినపిమ్మట లోకమంతటను నూనెధరలు పెరిగినవి. ఆ సంవత్సరము జూనులో అమెరికాలో డీజిలు గాలను 5 డాలర్లు దాటినది. అంతకుముందునుండియే ఎరువుల వెలలు హెచ్చియుండెను, అవి వరిమీద పడినవి. ఎరచేప తెచ్చుటకును, దానిని మంచులో నిలువయుంచుటకును నూనెయే కావలెను గదా, కావున ఎరవెలయు పెరిగినది. స్థానికులు ఈ శ్రమకు చాలమంది రానందున, మెక్సికో మొదలగు దేశములనుండి కాలపరిమితిగల అనుమతులపై కూలీలను పిలిపింతురు. వారి కనీసవేతనమును, ప్రయాణమును, వసతిని రైతు భరింపవలెను. ఇట్లు ఖర్చు మెట్టు ఎక్కినదే గాని దిగలేదు. వెల మాత్రము వానను బట్టి ఎక్కును, దిగును.

అట్లయిన హెచ్చిన వెలవలన బాగుపడినవా రెవరు? కొంతవరకు బాగుపడినది, గట్టులో తడి నిలిచిన పల్లపుమడుల రైతులు. వారికి ఆ సంవత్సరము అదృష్టమే. తక్కినవారందరును నష్టమునే పంచుకొనిరి. రైతునుండి కొని బస్తాలలో పంపు వర్తకునకు బస్తాలు లేవు. ఉడికించి అమ్ము అంగడివానికి గిరాకి లేదు. తోకకండ ఒలిచెడి శాలలకు గూడ కష్టమే, ఏలనగా ఒక పౌను కండకు ఆరేడు పౌనుల ప్రాణముతోనున్న సరకు కావలెను, దానికి చీనాదేశపు చౌక కండతో పోటీయు కలదు. ఆ పోటీని తగ్గించుటకై అమెరికా ప్రభుత్వము 1997లోనే చీనా క్రాఫిష్ కండపై అదనపు సుంకము విధించియున్నది. ఇక కొనువాడు రెండు మూడు మారులు అంగడి మెట్లు దిగి, వేరొక ఆహారమునకు అలవాటుపడినచో, మరల అతనిని పిలుచుకొనివచ్చుట తేలిక కాదు. హెచ్చిన వెలలో దాగిన ఈ అపాయమును రైతులు బాగుగా ఎరుగుదురు.

కరువునష్టము ఒక యేటితో తీరునది కాదు. గట్టులోని తల్లులే మరుసటియేటి విత్తనమని ముందు చెప్పితిని. అవి చచ్చినచోట రైతు 2024 వసంతమున మరల విత్తనము కొని విడువవలసి వచ్చినది. ఆ విత్తనమును అంగడి సరకే గనుక, హెచ్చిన వెలకే కొనవలసి వచ్చినది. తన పంట లేక నష్టపోయినవాడే పొరుగువాని పంటను ప్రియముగా కొనవలసినవాడాయెను. పిమ్మట వానలు కురిసి, 2025వ సంవత్సరమున సరకు మెరుగై, వెలలు వెనుకటి యేటికంటె దిగినవి. ఆ సంవత్సరము జనవరి 21న ఎన్నడును లేని హిమపాతము కురిసి పట్టుబడిని కొంత ఆపినను, 2024వంటి దుర్గతి రాలేదు. కాని ప్రియపు విత్తనము కొన్న రైతు దిగిన వెలకే అమ్ముకొనవలసి వచ్చెను.

ప్రభుత్వము ఏమియు చేయలేదని చెప్పరాదు. పశువులకును తేనెటీగలకును పెంపుడు చేపలకును వర్తించు ఆపదసహాయ పథకమును సమాఖ్య వ్యవసాయశాఖ 2024లో ఈ క్రాఫిష్ కరువునష్టమునకును వర్తింపజేసినది. అయితే నష్టము గట్టులోపల జరిగినది. ఎన్ని తల్లులు చచ్చినవో ఎవరు లెక్కింపగలరు? ఎండిన పైరును చూపినట్లు చూపుటకు లేదు. ఇట్టిచోట రైతు వ్రాసియుంచుకొన్న లెక్కలే సాక్ష్యము. గడచిన యేండ్లలో ఏ మడిలో ఎన్ని బస్తాలు వచ్చెను, ఎర ఎంత కొనెను, విత్తనము ఎప్పుడు విడిచెను అను చిట్టా గలవాడు తన నష్టమును నిరూపింపగలడు.

రైతు స్వయముగా చేయగలుగు ఉపాయములు కొన్ని కలవు. ఎండలు ముదిరినప్పుడు గట్లు తడియునట్లు నీరు పెట్టవచ్చును, కాని అది డీజిలు ఖర్చు. అన్ని మడులకు ఒకేసారి నీరు పెట్టక కొన్నింటికి ముందు, కొన్నింటికి వెనుక పెట్టి అపాయమును పంచవచ్చును. పట్టుబడి పలుచనైనప్పుడు వారమున అయిదు దినములకు మారుగా రెండు మూడు దినములే పడవ నడిపి ఎర మిగుల్చుకొనవచ్చును. అన్నిటికంటె పెద్ద ఆధారము వరియే. క్రాఫిష్ చెడినను గాదెలో ధాన్యముండును. ఒకే మడిలో రెండు పంటలుంచిన ఆ రైతుల పద్ధతికి కరువునాడే విలువ తెలియును.

ఈ దూరదేశపు కథతో మనకేమి సంబంధమని యడుగవచ్చును. సంబంధము కలదు. రొయ్యల సాగులో మన దేశమున ఆంధ్రప్రదేశమే ముందున్నది, మన రొయ్యలను విశేషముగా కొనుచున్న దేశములలో అమెరికా ముఖ్యము. 1994, 95 సంవత్సరములలో మన తీరపు చెరువులను పాడుచేసిన తెల్లమచ్చ తెగులే 2007లో లూసియానా క్రాఫిష్ చెరువులలో కనబడినది. 2025 ఆగస్టులో అమెరికా మన సరకుపై సుంకమును నూటికి 50 పాళ్లకు పెంచినప్పుడు, గోదావరి, కృష్ణా ప్రాంతముల రైతునకు రొయ్యవెల తగ్గినది. అచట ఎర, ఇచట మేత. అచట డీజిలు, ఇచట విద్యుత్తు. ఖర్చు తన చేతిలో లేదు, వెల తన చేతిలో లేదు, నడుమ నిలిచినవాడు రైతు. ఈ విషయమున ఇరుదేశములవారును ఒక్క గట్టుమీదనే యున్నారు.

కావున ఊరిపెద్దలకు నా మనవి యొకటి. అంగడిలో ఒక సరకు వెల పెరిగినదని వినినప్పుడు, దానిని పండించినవాడు ధనవంతుడైనాడని వెంటనే తలంపకుడు. ఎంత సరకు అమ్మినాడు, ఎంత ఖర్చుపెట్టినాడు, మరుసటియేటికి విత్తనము మిగిలినదా యని మూడు ప్రశ్నలు వేయుడు. చెరువో చేనో క్రొత్తగా మొదలుపెట్టదలచిన యువకుడు హెచ్చిన వెల చూచి అప్పు చేయుదునని మీ సలహాకు వచ్చినప్పుడు, ఈ మూడు ప్రశ్నలనే అతనికి చెప్పుడు. ఆ వెల తరచుగా ఇతరుల నష్టమునుండి పుట్టినదై యుండును, అతని సరకు అంగడి చేరునప్పటికి అది నిలిచియుండునన్న నమ్మకము లేదు.

లూసియానా రైతు వేసవియందు తన గట్టు మీద నడచుచు, కాలిక్రింది మన్ను తడిగా నున్నదా, పొడిగా నున్నదా యని చూచుకొనును. వచ్చు సంవత్సరపు వెల అతనికి అచటనే తెలియును. అంగడికి ఆ మాట అయిదు నెలల తరువాత చేరును.